సిగరెట్ మానడానికి దుబాయ్ నుంచి వేప్ తెప్పించుకోవచ్చా?

చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీది టంగుటూరు వైపు, వయసు 41, పొగాకు రైతు. ఇరవై ఏళ్లుగా రోజుకు పదిహేను సిగరెట్లు కాలుస్తున్నారు. పొద్దున పళ్లు తోముకోకముందే మొదటిది పడాలి. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దానికి డెరిఫిల్లిన్ బిళ్ల వేసుకుంటున్నారు. వచ్చే నెల దుబాయ్ నుంచి వస్తున్న మీ బావమరిది ఒక వేప్ (ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరి పీల్చే ఇ-సిగరెట్), దానికి నాలుగు సీసాల ద్రవం తెస్తానంటున్నాడు. సొంత వాడకానికే కదా, ఇబ్బంది ఉంటుందా అనేది మొదటి ప్రశ్న. నికోటిన్ లేని ద్రవమైతే చట్టం వర్తించదట, నిజమేనా అనేది రెండోది.

తేవద్దని ఆయనకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. నికోటిన్ ఉన్నా లేకపోయినా మన దేశంలోకి అది తేకూడని వస్తువు. ఇక వేప్ వల్ల మీకు జరగాల్సిన మేలు ఒక్కటే, పొగ లేకుండా నికోటిన్ అందడం. ఆ పని ఒంగోలులో మందుల షాపులో దొరికే నికోటిన్ ప్యాచ్ (ఒంటికి అంటించే పట్టీ), నికోటిన్ గమ్ (నమిలేది) చేస్తాయి. కాకపోతే వాటిని సరైన మోతాదులో, సరైన పద్ధతిలో వాడాలి. "గమ్ వాడాం, ఏం పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది తమకు కావలసిన దాంట్లో పావు వంతు కూడా వాడి ఉండరు. ఆ లెక్క కింద వివరంగా రాస్తాను. ముందు చట్టం సంగతి.

2019 సెప్టెంబరు 18న ఇ-సిగరెట్లను నిషేధిస్తూ కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. ఇంట్లోనో గోడౌన్‌లోనో నిల్వ పెట్టనిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 50,000 వరకు జరిమానా, లేదా రెండూ. సోదా చేసి పట్టుకునే అధికారం ఎస్సై స్థాయి నుంచే ఉంది.

మీ బావమరిది పెట్టెలో వేసుకొచ్చేది చట్టం దృష్టిలో దిగుమతి. ఒకటా పదా అన్న తేడా అందులో లేదు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోవడం చిన్న సంగతి. సెలవు మీద వచ్చిన మనిషి పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని కేసు చుట్టూ తిరగాల్సి వస్తే ఉద్యోగం సంగతేంటో ఆలోచించండి.

"తాగడం నేరమని చట్టంలో ఎక్కడుంది?" అని కొందరు వాదిస్తారు. నిజమే, తాగడం అనే మాట నేరాల జాబితాలో విడిగా లేదు. ఆ సందులోంచే సొంతానికైతే పర్వాలేదనే ప్రచారం పుట్టింది. అయితే ఏ రూపంలోనైనా, ఎంత కొంచెమైనా దగ్గర పెట్టుకోవడం ఈ చట్టానికి విరుద్ధమేనని 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ తేల్చి చెప్పింది. తాగాలంటే ముందు దగ్గర ఉండాలి కదా.

నికోటిన్ లేనిదాని సంగతి ఇంకా సూటిగా ఉంది. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం, అందులో నికోటిన్ ఉన్నా లేకపోయినా, రుచులు కలిపినా కలపకపోయినా, ఇ-సిగరెట్టే అని నిర్వచనంలోనే రాశారు. పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు, ఇ-హుక్కా కూడా అందులోకే వస్తాయి. "పరికరం నా దగ్గరుంది, పాడ్ (ద్రవం ఉండే చిన్న డబ్బీ) ఒక్కటే కొరియర్లో తెప్పించుకుంటా" అన్నా కుదరదు. పూర్తి వస్తువే కాదు, దాంట్లో ఏ భాగాన్ని అమ్మినా, రవాణా చేసినా అదే సెక్షన్. ఆన్‌లైన్‌లో ముందే డబ్బు కట్టించుకుని పెట్టెలో ఏదో ఒకటి పెట్టి పంపే మోసగాళ్లకు ఇదే బలం. మోసపోయినవాడు పోలీస్ స్టేషన్‌కు పోయి ఏమని ఫిర్యాదు చేస్తాడు?

కిళ్లీ బంకులో సిగరెట్ బహిరంగంగా అమ్ముతూ, దానికంటే తక్కువ హాని అనుకునేదాన్ని నిషేధించడమేమిటని మీకు అనిపిస్తుంది. వేలం కేంద్రంలో తన పొగాకు బేళ్లు తానే అమ్ముకునే రైతుకు మరీ అనిపిస్తుంది. ఆ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. కుర్రాళ్లకు కొత్తగా నికోటిన్ అలవాటు కాకూడదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, దానిలోనూ బలం ఉంది. ఈ చర్చ తెగేలోపు మీ ఊపిరితిత్తులు ఆగవు కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

వేప్‌తో జనం నిజంగా సిగరెట్ మానేస్తారా అంటే, కొందరు మానేస్తారు. 2019లో బ్రిటన్‌లో 886 మంది మీద చేసిన పరీక్షలో ఏడాది తర్వాత చూస్తే వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం మంది, ప్యాచ్, గమ్ లాంటివి ఇచ్చినవాళ్లలో 9.9 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. అందరూ ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. దాని వెనకాల ఇంకోటుంది. వేప్‌తో సిగరెట్ మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ లాగుతూనే ఉన్నారు. రెండో గుంపులో మానినవాళ్లలో గమ్, ప్యాచ్ ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే. పైగా ఆ పరీక్షలో ప్రతివాళ్లకూ కనీసం నాలుగు వారాలు, వారం వారం కౌన్సెలింగ్ ఉంది. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మి.గ్రా. దాటకూడదనే నియమమూ ఉంది.

మన దగ్గర దొంగచాటుగా తిరిగే సరుక్కి ఇవేవీ వర్తించవు. పరికరం లోపల ముఖ్యంగా ఉండేవి నాలుగు: లిథియం బ్యాటరీ, సన్నని తీగ చుట్ట, దాని చుట్టూ దూది, ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సెంటు ఉంటాయి. ద్రవం అయిపోవచ్చి దూది ఆరితే, తీగ దూదినే మాడుస్తుంది. గొంతులో భగ్గుమన్నట్టుంటుంది. అలా అతిగా వేడెక్కినప్పుడే ఫార్మాల్డిహైడ్ లాంటివి ఎక్కువగా పుడతాయి. సీసా మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు 50 మి.గ్రా. అని అర్థం, అంటే 10 మి.లీ. సీసాలో 500 మి.గ్రా. నికోటిన్. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే, మామిడిపండు వాసన వచ్చే ఆ సీసా అల్మారాలో ఉండడమే ప్రమాదం. కొన్ని చుక్కలు చేతి మీద ఒలికినా చర్మంలోంచి ఇంకుతుంది. ఈ మాట మీకు చెప్పక్కర్లేదు. మంచుతో తడిసిన పచ్చాకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది ఆ నికోటిన్ వల్లే.

2019-20లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, వారిలో 68 మంది చనిపోయారు. దానికి ముఖ్య కారణం మామూలు నికోటిన్ ద్రవం కాదు, గంజాయి నూనెలో కల్తీగా కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. వేప్ అంటేనే చావు అని భయపెట్టడానికి కొందరు ఈ అంకెలు వాడతారు, అది సరికాదు. ఏ సీసాలో ఏముందో అడిగే నాథుడు లేని బజారులో కొంటే ఏం జరుగుతుందో మాత్రం అది చెబుతుంది. మనది పూర్తిగా అలాంటి బజారే.

ఇక అసలు సంగతి, నికోటిన్ లెక్క.

ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. రోజుకు పదిహేను కాలిస్తే 15 నుంచి 22 మి.గ్రా. మీ మెదడు ఇరవై ఏళ్లుగా దానికి అలవాటు పడింది. 2 మి.గ్రా. గమ్ నమిలితే ఒంటికి పట్టేది అందులో సుమారు సగం, అంటే ఒక మి.గ్రా. రోజుకు నాలుగు గమ్‌లు నమిలితే అందేది 4 మి.గ్రా. ఇరవై కావలసిన చోట నాలుగు ఇచ్చి ఆగమంటే ఎవరాగుతారు? మూడో రోజు సాయంత్రానికి బంకు దగ్గర తేలతారు. తప్పు మనోబలానిది కాదు, మోతాదుది.

పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ పడాలంటే అలవాటు గట్టిదని గుర్తు. మీది ఆ కోవే. అందుకే ఒక్క గమ్‌తో సరిపెట్టొద్దు. ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడాలి. ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది, హఠాత్తుగా తన్నుకొచ్చే కోరికకు గమ్. ఒక్కటే వాడినవాళ్ల కంటే రెండూ కలిపి వాడినవాళ్లు ఎక్కువగా మానగలుగుతారని పరిశోధనల్లో తేలింది.

రోజుకు పదికి మించి కాల్చేవాళ్లకు మామూలు పద్ధతి ఇది: 21 మి.గ్రా. ప్యాచ్ ఆరు వారాలు, తర్వాత 14 మి.గ్రా. రెండు వారాలు, ఆ తర్వాత 7 మి.గ్రా. రెండు వారాలు. పది, అంతకు తక్కువ కాల్చేవాళ్లు 14తో మొదలుపెట్టి ఆరు వారాలు, 7తో రెండు వారాలు. ఇక్కడ షాపులో ఒక తికమక ఉంది. కొన్ని కంపెనీల ప్యాచ్ పెట్టె మీద 30, 20, 10 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ప్యాచ్ సైజు. 24 గంటల్లో విడుదలయ్యే నికోటిన్ వరసగా 21, 14, 7 మి.గ్రా. షాపతను "21 లేదండీ, 20 ఉంది" అని ఇచ్చాడంటే మీ చేతికి 14ది వచ్చినట్టు. పెట్టె తిప్పి చిన్న అక్షరాలు చదవండి.

ప్యాచ్ పొద్దున స్నానం చేసి ఒళ్లు బాగా తుడుచుకున్నాక వేయాలి. వెంట్రుకలు తక్కువుండే భుజం పైభాగం, రొమ్ము పక్క, వీపు ఏదైనా సరే. నూనె, పౌడరు తగలకూడదు. అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టండి, అంచులు లేస్తున్నాయేమో వేలితో చూసుకోండి. రేపు ఇంకో చోట వేయండి, ఒకే చోట వేస్తే దురద పుట్టి ఎర్రబడుతుంది. కొద్దిపాటి ఎరుపు మామూలే, పొక్కులొస్తే తీసేసి డాక్టరుకు చూపించాలి. మన రోహిణి ఎండలకు చెమటతో ఊడిపోవడం పెద్ద చికాకు. ఊడితే కొత్తది వేయాలి, పైన మెడికల్ టేపు అంటించుకోవచ్చు. రాత్రి పీడకలలు, నిద్ర పట్టకపోవడం ఉంటే పడుకునే ముందు తీసేయండి. కాకపోతే మీలా లేవగానే సిగరెట్ కావలసినవాళ్లు తీయకుండా ఉంచుకోవడమే మేలు, ఎందుకంటే తెల్లవారుజాము కోరికను ఆపేది అదే. తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది. జిగురు లోపలికి మడిచి, పిల్లలకు, కుక్కలకు అందకుండా పారేయండి.

మీకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు, ఇవి పెట్టె మీద ఉండవు. ఒకటి, కోసిన ఆకును వేడితో ఆరబెట్టే (క్యూరింగ్) బ్యారన్ వేడి. ఒంటికి వేడి తగిలితే ప్యాచ్ నుంచి నికోటిన్ వేగంగా దిగుతుంది. కొలిమి దగ్గర గంటల తరబడి నిలబడి కట్టెలు ఎగదోసేటప్పుడు తల తిరగడం, గుండె దడ, వాంతి వచ్చేట్టుండడం కనిపిస్తే బయటికొచ్చి ప్యాచ్ తీసేయండి. రెండు, పచ్చాకు కోత. ప్యాచ్ వేసుకుని తడి ఆకు ఎత్తితే రెండు వైపుల నుంచీ నికోటిన్ ఎక్కుతుంది. మంచు ఆరాక కోతకు దిగండి. నిండు చేతుల చొక్కా, చేతికి గ్లౌజులు వేసుకోండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి. అసలు కోత, క్యూరింగ్ నెలల్లో మానడం మొదలుపెట్టకపోవడమే నయం. వేలం నడిచే రోజుల్లోనూ వద్దు. ధర పడిపోయిన రోజు బేళ్ల పక్కన నిలబడి సిగరెట్ మానడం అందరివల్లా కాదు. నాట్లకు ముందు, కాస్త తీరిక దొరికే వారం చూసుకోండి. తిథీ వారం చూసుకుంటానంటే చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, తేదీ మాత్రం ఖాయం చేసి ఇంట్లో చెప్పండి.

గమ్ విషయంలో దాదాపు అందరూ చేసే పొరపాటు దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి ఉమ్ము మింగేయడం. నికోటిన్ పట్టేది బుగ్గ లోపలి పొరలోంచి, కడుపులోంచి కాదు. మింగితే ఎక్కిళ్లు, గొంతు మంట, కడుపులో తిప్పడమే మిగులుతుంది. నెమ్మదిగా నమలండి. కాసేపు నమిలాక మిరియంలా చురుక్కుమంటుంది. అప్పుడు ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. నిమిషానికి చురుకు తగ్గుతుంది. మళ్లీ కొంచెం నమలండి, ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. నోట్లో పెట్టుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు కాఫీ, టీ, మజ్జిగ, నిమ్మకాయ సోడా తాగకూడదు. పులుపు తగిలితే నికోటిన్ బుగ్గలోంచి ఇంకదు. మన వైపు టీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడే సిగరెట్ గుర్తొస్తుంది, అప్పుడే గమ్ వేసుకుంటారు, అందుకే పనిచేయదు. టీ తాగేసి, నీళ్లతో నోరు పుక్కిలించి, పావుగంట ఆగి వేసుకోండి.

ప్యాచ్‌కు తోడుగా అయితే మామూలుగా రోజుకు ఆరు నుంచి పది 2 మి.గ్రా. గమ్‌లు సరిపోతాయి. ప్యాచ్ పడనివాళ్లు, ఒక్క గమ్ మీదే ఉండేవాళ్లు మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి చొప్పున కోరిక రాకముందే వేసుకోవాలి. తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు. అలవాటు గట్టిగా ఉన్నవాళ్లకు 4 మి.గ్రా. గమ్ ఉంది, దానికి డాక్టరు చీటీ అడుగుతారు. కట్టుడు పళ్లున్నవాళ్లకు గమ్ అంటుకుంటుంది, చప్పరించే బిళ్లలు నయం.

ఇవి పనిచేయకపోతే వారెనిక్లిన్ బిళ్ల ఉంది. అది నికోటిన్ కాదు, మెదడులో నికోటిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. సిగరెట్ కాల్చినా కిక్కు రాదు. మానే తేదీకి వారం ముందు మొదలుపెడతారు: మూడు రోజులు 0.5 మి.గ్రా. ఒక పూట, నాలుగు రోజులు రెండు పూటలా, ఆ తర్వాత 1 మి.గ్రా. రెండు పూటలా, మొత్తం 12 వారాలు. ఖాళీ కడుపున వేసుకుంటే డోకు వస్తుంది, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు మారుతుంది కాబట్టి చీటీ లేకుండా కొనొద్దు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఛాతీ విభాగంలో గానీ మానసిక వైద్య విభాగంలో గానీ ఓపీ రాయించుకుని అడగొచ్చు. మానసిక విభాగం అనగానే వెనకాడొద్దు, మత్తు, పొగ అలవాట్లు మాన్పించేది వాళ్లే.

మీ డెరిఫిల్లిన్ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మీరు అడగకపోయినా, ఈ మొత్తంలో మీకు అన్నిటికంటే అవసరమైన మాట ఇదే కావచ్చు. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు లివరులో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. ఆ ఎంజైమే థియోఫిల్లిన్‌ను విరగ్గొట్టి బయటికి పంపుతుంది. డెరిఫిల్లిన్‌లో ఉండేది ఆ రకం మందే. మీరు పొగ మానేసిన వారంలో ఎంజైము నెమ్మదిస్తుంది, ఇన్నాళ్లూ సరిపోయిన అదే బిళ్ల రక్తంలో ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతులు వణకడం, వాంతులు మొదలవుతాయి. మనిషేమో "సిగరెట్ మానినందుకే ఇలా అయింది" అనుకుని మళ్లీ ముట్టిస్తాడు, లక్షణాలు తగ్గుతాయి, అనుమానం రుజువైపోతుంది! డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా పీల్చే మందుకు మారుస్తారు. ఇది నికోటిన్ వల్ల వచ్చే మార్పు కాదు, పొగ వల్ల. ప్యాచ్‌కు మారినా, వేప్‌కు మారినా జరిగేదే. క్లోజపిన్, ఒలాంజపిన్ వాడే మానసిక రోగులకూ ఇదే హెచ్చరిక.

కాఫీదీ అదే ఎంజైము. పొగ మానాక రోజూ తాగే నాలుగు కాఫీలే ఆరేడు తాగినట్టు పనిచేస్తాయి. నిద్ర పట్టదు, చిరాకు. మొదటి వారం నుంచి కాఫీ, టీ సగం చేయండి.

ఆయాసానికి బిళ్ల వేసుకుని ఊరుకోకుండా ఒకసారి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష చేయించండి. ఇరవై ఏళ్ల పొగ మీద ఆయాసం మొదలైందంటే ఊపిరి గొట్టాలు ఎంత మూసుకున్నాయో తెలియాలి. చీమకుర్తి క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. రాతి ధూళి, పొగ కలిస్తే నష్టం రెట్టింపవుతుంది, క్షయ కూడా త్వరగా పట్టుకుంటుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష, దగ్గులో రక్తం పడితే ఆ రోజే ఆసుపత్రి.

మొదటి మూడు రోజులు కష్టం, వారం వరకు చిరచిర, నాలుగు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది. మలబద్ధకం, నోటిపూత, కొందరికి దగ్గు పెరగడం మామూలు. కోరిక వచ్చిన ప్రతిసారీ అయిదు, పది నిమిషాలకు మించి ఉండదు. ఆ పది నిమిషాలు ఎక్కడ గడుపుతారన్నదే ప్రశ్న. బ్యారన్ రాత్రి కాపలాలో, తెల్లవారుజాము రెండు, మూడు గంటలకు, పక్కన కూర్చున్న మనిషి బీడీ ముట్టించినప్పుడు పడిపోయేవాళ్లు ఎక్కువ. కాపలాకు తోడుగా పొగ తాగని మనిషిని పెట్టుకోండి. జేబులో గమ్, వేయించిన శనగలు ఉంచుకోండి. పొరపాటున ఒకటి కాలిస్తే ప్యాచ్ పీకేయొద్దు, అలాగే ఉంచి మర్నాడు యథావిధిగా కొత్తది వేయండి. ఒక్కటి కాల్చామని మొత్తం వదిలేయడమే అసలు దెబ్బ.

మానకుండా పదిహేను నుంచి అయిదుకు తగ్గించి అక్కడే కూర్చుంటామనేవాళ్లు ఉంటారు. తగ్గించినప్పుడు ఒక్కోదాన్ని గట్టిగా, ఫిల్టరు దాకా లాగుతారు, ఒంటికి చేరేది అనుకున్నంత తగ్గదు. వేప్ కొన్నవాళ్లలో చాలామంది ఇలాగే ఇంట్లో వేప్, బయట సిగరెట్ చేసుకుంటారు. ఆ పద్ధతిలో ఖర్చు రెండింతలు, లాభం దాదాపు సున్నా.

ఖర్చు అంటారా, సిగరెట్ ఒకటి 20 రూపాయలనుకుంటే మీరు రోజుకు 300 తగలేస్తున్నారు. ప్యాచ్, గమ్ కలిపినా మామూలుగా అంత కాదు, పైగా అది కొన్ని వారాలతో అయిపోయే ఖర్చు. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను చేర్చారు కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందేమో అడిగి చూడండి. సిగరెట్ పెట్టె మీదే ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ బ్రిటన్ పరీక్షలో అందరికీ కౌన్సెలింగ్ ఉందన్నాను చూడండి, ఆ లోటు ఈ నంబరుతో తీరుతుంది.

ఇప్పటికే వేప్ వాడుతున్న కుర్రాళ్లు ఈ జవాబు చదువుతుంటే: ఒక్కసారిగా ఆపి సిగరెట్‌కు మారొద్దు, అది వెనకడుగు. మీకూ దారి ప్యాచ్, గమ్మే. మీరు రోజుకు ఎంత లాగుతున్నారో సిగరెట్ల లెక్కలో చెప్పడం కష్టం కాబట్టి, లేవగానే అరగంటలో లాగుతారా లేదా అన్నది డాక్టరుకు చెబితే మోతాదు తేలుతుంది. పరికరాన్ని చెత్తబండిలో వేయొద్దు, లిథియం బ్యాటరీ నలిగితే అంటుకుంటుంది.

మీ బావమరిదికి కూడా ఒక మాట. యూఏఈలో 2019 నుంచి వేప్ అమ్మకం చట్టబద్ధమే, అక్కడ ఆయన ఇష్టం. కానీ ఖతార్‌లో నిషేధం. సింగపూర్, థాయ్‌లాండ్ మీదుగా ప్రయాణాలు పెట్టుకుంటే అక్కడా నిషేధమే, సింగపూర్‌లో దగ్గరుంటేనే జరిమానా. ఇండియా విమానం ఎక్కేముందు చేతి సంచీ, కోటు జేబులు ఒకసారి తడుముకోమనండి. చాలామంది మర్చిపోయి తెచ్చి దొరికిపోతారు.

మీకు నేను ఇచ్చే వరస ఇది: ఈ వారంలో ఛాతీ డాక్టరును కలిసి ఊదే పరీక్ష చేయించండి, డెరిఫిల్లిన్ చీటీ చూపించి పొగ మానబోతున్నట్టు చెప్పండి. గుండెపోటు ఇటీవల వచ్చి ఉన్నా, ఛాతీ నొప్పి ఉన్నా ప్యాచ్ మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పాలి. ఆ తర్వాత తేదీ. మొదటి వారం గడిచాక మళ్లీ రాయదలిస్తే మూడు విషయాలు రాయండి: ఏ సైజు ప్యాచ్, రోజుకు ఎన్ని గమ్‌లు, ఏ వేళలో కోరిక ఎక్కువగా వస్తోంది. వాటిని బట్టి మోతాదు పెంచాలో, వేళలు మార్చాలో చెప్పగలను.